కల్తీ అన్న మాట

అచ్యుత్ గారికి రెండు విషయాల్లో ఎవరూ ఎదురు చెప్పకూడదు. ఒకటి కాంక్రీటు, రెండోది స్కాచ్. మొదటిదంటే సరే, ముప్పై రెండేళ్లు పారమట్టాలో ప్రభుత్వాఫీసులో కూర్చుని వంతెనలకి లెక్కలు కట్టి రిటైరైన మనిషి కాబట్టి ఒప్పుకోవచ్చు. రెండోదాంట్లో ఆయనకున్న అర్హతలల్లా ఒక అద్దాల బీరువా, ఒక పొడుగు నోటుపుస్తకం, తలూపే స్నేహితులు. తాడేపల్లిగూడెంలో చదువుకునే రోజుల్లో ఏం తాగాడో, అందులో ఏం పోసుకుని తాగాడో ఆయన చెప్పడు, మనమూ అడగకూడదు.

నెలాఖరు శనివారం మధ్యాహ్నం టూంగాబీలో ఆయన ఇంటి వెనక వరండాలో నలుగురు చేరతారు. సీసా మూత తీసేది ఆయనే, పోసేది ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. గ్లాసు ఎండకి ఎత్తిపట్టి, కళ్లు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని అరనిమిషం నోరు మెదపడు. ఆ అరనిమిషం ఎవరూ పకోడీ కూడా కొరకకూడదు, చప్పుడవుతుందని. తర్వాత నోటుపుస్తకంలో నూటికిన్ని అని మార్కులు పడతాయి. సింగిల్ మాల్ట్ కానిదేదీ ఆ పుస్తకంలోకి ఇంతవరకూ అడుగుపెట్టలేదు. ఒకే చోట, ఒకే బట్టీలో, ఒక్క బార్లీతోనే కాచినదైతేనే అది స్కాచ్ అని ఆయన సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం వల్ల ఎవరికీ నష్టం లేదు, ఆ శనివారం దాకా.

ఆ శనివారం కూతురు సింధుజ, అల్లుడు కాలమ్ మెల్‌బోర్న్ నుంచి వచ్చారు. వాళ్లుండేది పాయింట్ కుక్‌లో. సింధుజకి నాలుగో నెల నడుస్తోంది. అయిదో నెల పడగానే పుట్టింటికి పిలిచి, చీర పెట్టి, ఒళ్లో చలిమిడి పెట్టాలని తల్లి శాంతి అప్పుడే బియ్యం పక్కన పెట్టుకుంది. కూతురి కడుపు చల్లగా ఉండాలని పుట్టింటివాళ్లు పెట్టే చలిమిడి అది. ఆవిడ ముప్పై ఏళ్లు నర్సుగా చేసి ఎంతమంది పురుళ్లు చూసిందో లెక్కలేదు కానీ సొంత కూతురి విషయానికొచ్చేసరికి కాలూ చెయ్యీ ఆడటంలేదు.

కాలమ్ గ్లాస్గోలో పుట్టి పదేళ్లప్పుడు ఇక్కడికొచ్చిన కుర్రాడు. పెళ్లి మాట మొదట విన్నప్పుడు అచ్యుత్ గారు రెండ్రోజులు అన్నం మానేశాడు. మూడో రోజు ఆ పేరు విని, “కాలమా? అంటే స్తంభం, భవనం నిలబడేది దానిమీదేగా” అని తనే నవ్వేసి అన్నానికి లేచాడు. అంత తేలిగ్గా మెత్తబడే మనిషి ఆయన. కాకపోతే నోరు మెత్తబడదు, అదీ గొడవ.

కాలమ్ ఆ రోజు సంచీలోంచి ఒక సీసా తీసి రెండు చేతులతో మామగారికి అందించాడు. లేబుల్ మీద లాంతరు బొమ్మ, దాని కింద ‘బ్లెండెడ్ స్కాచ్’ అన్న అక్షరాలు, మెడ దగ్గర ఇంకా ఊడని ధర చీటీ, నలభై అయిదు డాలర్లు. అచ్యుత్ గారు “వెరీ నైస్, థాంక్యూ” అని నవ్వి, దాన్ని తీసుకెళ్లి అద్దాల బీరువాలో కాదు, కింద శాంతి సోడాలు పెట్టుకునే అరలో పెట్టాడు. కాలమ్ అది చూశాడు. చూసి, పెరట్లో మాంసం కాల్చే బార్బీ పొయ్యి దగ్గరకి వెళ్లి చికెన్ తిప్పుతూ నిలబడ్డాడు.

అందరూ చేరాక వీధి చివర ఇంట్లో ఉండే పళ్ల డాక్టరు జయంత్ ఊరుకోకుండా అడిగాడు. “గురువుగారూ, అల్లుడుగారు ఏదో తెచ్చారటగా, తియ్యరేం?”

అచ్యుత్ గారు బార్బీ వైపు ఓసారి చూసి, తెలుగులోకి దిగాడు. తెలుగులోకి దిగితే తలుపేసుకున్నట్టేనని ఇక్కడ మనవాళ్లందరికీ ఒక ధీమా.

“అది బ్లెండెడ్ అయ్యా. అంటే ఏవిటి? కల్తీ సరుకు! నాలుగు చోట్లవి తెచ్చి ఒక చోట కలిపేస్తే జాతీ ఉండదు, గుణమూ ఉండదు. అటూ కాదు, ఇటూ కాదు. దానికి నేను మార్కులు కూడా వెయ్యను.”

జయంత్ పగలబడి నవ్వాడు. జాలీ తలుపు వెనక పకోడీల పళ్లెంతో నిలబడ్డ సింధుజ నవ్వలేదు. వచ్చి పళ్లెం బల్ల మీద పెట్టి, తండ్రి మొహంలోకి ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు సాయంత్రం వెళ్లాల్సినవాళ్లు పొద్దున్నే బయల్దేరారు, ఆఫీసు పనుందని చెప్పి.

బుధవారం శాంతి చలిమిడికి రోజు చెబుదామని ఫోన్ చేస్తే కూతురు, “వద్దమ్మా. చలిమిడీ వద్దు, చీరా వద్దు. లెట్స్ నాట్ డూ ఎనీథింగ్” అని పెట్టేసింది. శాంతి మళ్లీ చేసింది. మూడోసారికి గానీ అసలు సంగతి బయటకి రాలేదు. అప్పుడావిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, టీవీ ముందున్న మొగుడి ఎదురుగా నిలబడింది.

“ఏవండీ, కల్తీ అన్నారట.”

“ఎవర్ని?”

“అదే నేనూ అడుగుతున్నాను. ఎవర్ని?”

అచ్యుత్ గారికి అర్థమవడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచిపోయాడు. “నేను సీసా గురించి అన్నాను శాంతీ! ఒట్టు, సీసా గురించే!”

“సీసాకి చెవుల్లేవండీ. మీ అమ్మాయికి ఉన్నాయి. కలిపితే జాతీ ఉండదు, గుణమూ ఉండదు, అటూ కాదు ఇటూ కాదు అని తండ్రి నోటెంట కడుపుతో ఉన్న పిల్ల విన్నది. అదేమడిగిందో తెలుసా నన్ను? ‘నాన్న రేపు నా బిడ్డని ఎత్తుకుని కూడా ఇలాగే మార్కులు వేస్తాడా అమ్మా’ అని అడిగింది. నేనేం చెప్పను?”

ఆయన మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. ఆ బిడ్డ కబురు తెలిసిన రాత్రి నిద్రపట్టక, గరాజ్‌లో ఉన్న సింధుజ పాత ఉయ్యాల బోల్టులు బిగించి చూసుకున్న మనిషి ఆయన. ఆ సంగతి సింధుజకి తెలియదు. ఆ అమ్మాయికి తెలిసిందల్లా ఆ నాలుగు మాటలే.

“పోనీ, అది ఎలా ఉందో రుచైనా చూశారా?” అంది శాంతి.

“ఏది?”

“ఆ సీసా. మూతైనా తీశారా తీర్పు చెప్పేముందు?”

ఆయన చూపు సోడాల అరకేసి పోయింది.

మర్నాడు కూతురికి వాట్సాప్‌లో పెద్ద ఉత్తరం రాసి, చెరిపి, మళ్లీ రాసి, చెరిపి, చివరికి ‘అది విస్కీ గురించి మాత్రమే అన్నాను’ అని ఒక ముక్క ఇంగ్లీషులో పంపాడు. ‘ఓకే’ అని జవాబొచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అల్లుడికి బీరువాలోంచి పద్దెనిమిదేళ్ల సింగిల్ మాల్ట్ పంపుతానంటే శాంతి, “లంచమా?” అని ఒక్క మాట అడిగి వెళ్లిపోయింది. సీసా బీరువాలోకి తిరిగి వెళ్లింది.

ఆ వారం శనివారం నెలాఖరు కాదు, స్నేహితులెవరూ రారు. మధ్యాహ్నం మూడింటికి ఒక్కడే వరండాలో కూర్చుని, సోడాల అరలోంచి లాంతరు సీసా తెచ్చుకుని మూత తీశాడు.

మొదటి వాసనకి మొహం చిట్లించాడు, కొంచెం స్పిరిట్ ఘాటు కొట్టింది. వెంటనే పెన్ను తీయబోయి, ఆగాడు. మాల్టులకైతే పది నిమిషాలు గాలి పోసుకోనిస్తాడు కదా, దీనికెందుకివ్వడు? ఇచ్చాడు. ఘాటు సర్దుకుంది. అడుగునుంచి బెల్లం పాకం ఒక్క రవ్వ ముదిరితే వచ్చే వాసన లేచింది. నాలుక మీద తేలిక, పలచన కూడా. తియ్యగా మొదలై, గింజల కమ్మదనం ఒకటి మధ్యలో వచ్చి, చివర పొగ తగిలీ తగలకుండా తగిలి పోయింది. గొంతులో ఎక్కువసేపు నిలవదు. నాలుగు చుక్కలు నీళ్లు పోస్తే ఆపిల్ తొక్క వాసన. శాంతి వాయి తీసిన ఉల్లిపాయ పకోడీ ఒకటి నమిలి ఇంకో గుక్క వేశాడు. ఒహో అనుకున్నాడు. ఖరీదైన మాల్టులు పకోడీ ముందు మూతి ముడుచుకుంటాయి. ఇది పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది.

అద్భుతమా? కాదు. అబద్ధం ఎందుకు, అద్భుతం కాదు. కానీ దేనికది తగువు పడకుండా ఇన్ని రకాలు ఒక గ్లాసులో ఒద్దికగా ఉన్నాయంటే ఎవరో కూర్చుని, ముక్కుతో చూసి, ఎంతెంత కలపాలో తేల్చి ఉండాలి. కాంక్రీటులో ఇసక ఎంత, కంకర ఎంత, నీళ్లెంత అని ముప్పై రెండేళ్లు తను తన్నుకులాడింది దేని గురించి మరి? మిక్స్ సరిగ్గా లేదని ఎంతమంది కాంట్రాక్టర్లని వెనక్కి పంపాడు! కలపడం తెలియనివాడు వంతెన కట్టలేడని కుర్ర ఇంజనీర్లకి పాఠాలు చెప్పినవాడు, సీసా దగ్గరకొచ్చేసరికి ఎంత మాటన్నాడు! అనుమానమొచ్చి బీరువాలోంచి తను తొంభై ఒకటి వేసిన మాల్ట్ తీసి రుచి చూశాడు. బాగుంది, సందేహం లేదు. కానీ ఆ తొంభై ఒకటిలో పది మార్కులైనా దాని ధరకి వేసినవేనని ఆయనకే తెలిసింది. సిగ్గేసింది. నోటుపుస్తకం తీసి లాంతరు సీసాకి డెబ్భై ఎనిమిది వేశాడు.

“మీరు అన్నారు, మీరే వెళ్లి చెప్పండి” అంది శాంతి. “నేను రాను. నేనొస్తే నా వెనక దాక్కుంటారు.”

ఆ తర్వాతి శుక్రవారం ఆ సీసాని లుంగీలో చుట్టి పెట్టెలో పెట్టుకుని ఆయన మెల్‌బోర్న్ విమానమెక్కాడు. పాయింట్ కుక్‌లో ఇళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఆయన టాక్సీ రెండు వీధులు తప్పి మూడో వీధిలో దొరికించుకుంది. బెల్లు కొట్టేముందు రెండుసార్లు చొక్కా సర్దుకున్నాడు. కూతురింటికి వెళ్లడానికి భయపడే రోజు ఒకటి వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

తలుపు తీసింది కాలమ్. మామగారిని చూసి ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత గొంతు సవరించుకుని, ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ అన్నాడు.

“రండి మామయ్యగారూ. కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?”

అచ్యుత్ గారు గుమ్మంలోనే నిలబడిపోయాడు. “నీకు... నీకు తెలుగొచ్చా బాబూ?”

“కొంచెం కొంచెం. బేబీ కోసం. రెండు నెలలు నేర్చుకుంటున్నాను.”

భోజనాల బల్ల మీద ఒక నోటుపుస్తకం తెరిచి ఉంది. వంకరటింకర తెలుగు అక్షరాల్లో పాలు, నిద్ర, తాతయ్య, అమ్మమ్మ, బుగ్గ. ఆ పేజీ చివర్న, మిగతా వాటికంటే జాగ్రత్తగా దిద్ది రాసింది ‘కల్తీ’. దాని పక్కన అర్థం కోసం వదిలిన ఖాళీలో ఒక ప్రశ్న గుర్తు, ఆ పైన డిక్షనరీ చూసి కాబోలు, ఇంగ్లీషులో రాసి కొట్టేసిన రెండు మూడు మాటలు.

“ఆ రోజు నీకు అర్థమైందా?” అన్నాడు ఆయన.

“‘కలిపేస్తే’ అర్థమైంది. ఇది తెలీదు.” కాలమ్ ఆ మాట మీద వేలు పెట్టాడు. “సింధుని అడిగాను. చెప్పలేదు. ఏడ్చింది.”

తర్వాతదంతా ఇంగ్లీషులోనే చెప్పాడు. వాళ్ల తాత గ్లాస్గోలో ముప్పై ఏళ్లు విస్కీలు కలిపే పనిలో ఉండేవాడట. ఎక్కడెక్కడి పీపాలో వస్తాయి, ఏ రెండు పీపాలూ ఒక్కలా ఉండవు. ఈ ఏడు ఒక పీపా దొరక్కపోతే ఇంకో మూడింటితో ఆ లోటు పూడ్చాలి, తాగేవాడికి మాత్రం తేడా తెలియకూడదు. పాతికేళ్ల కిందట ఆ లాంతరు విస్కీలో ఏది ఎంత కలపాలో తేల్చినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడట. పెద్ద గొప్ప విస్కీ కాదని ఆయనకీ తెలుసట. శనివారం పూట జీతగాడు కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లగలిగింది తయారుచెయ్యడమే తన పని అనేవాడట. కిందటేడు పోయాడు. మునిమనవడి కబురు ఆయన వినలేదు కనక, ఆ కబురు సంబరంలో ఆయన సీసా అయినా ఉంటే బాగుంటుందని కాలమ్ దాన్ని పట్టుకొచ్చాడు.

అచ్యుత్ గారు ఆ సీసాని సోడాల పక్కన పెట్టిన తన రెండు చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత పెట్టె తెరిచి, లుంగీ విప్పి, దాన్ని బల్ల మీద పెట్టాడు.

“నేను రుచి చూడకుండా తీర్పు చెప్పాను. అది నా మొదటి తప్పు. తర్వాత చూశాను. డెబ్భై ఎనిమిది వేశాను.”

“డెబ్భై ఎనిమిదా?” కాలమ్ నవ్వాడు. “తాత డెబ్భై మించి ఇచ్చేవాడు కాదు. మీరు మొహమాటపడుతున్నారు మామయ్యగారూ.”

ఈ మనిషి మీదా నేను నోరు పారేసుకున్నది అనుకున్నాడు ఆయన. కళ్లు చెమర్చాయి.

సింధుజ అయిదింటికి వచ్చింది. హాల్లో తండ్రిని చూసి బ్యాగు కూడా దించకుండా ఆగిపోయింది. “వై ఆర్ యూ హియర్?”

“అమ్మా, ఆ రోజు నేను...”

“నాన్నా, ప్లీజ్. నో ఎక్స్‌ప్లనేషన్స్. యూ మెంట్ ద విస్కీ. ఐ నో. అమ్మ చెప్పింది. కానీ ఆ మాట నీ నోటికి అంత ఈజీగా ఎలా వచ్చింది? దట్స్ వాట్ ఐ కాంట్ ఫర్గెట్.”

“తప్పు మాటన్నాను. క్షమించు తల్లీ.”

ఆయన జన్మలో కూతురిని క్షమించమని అడగడం అదే మొదలు. సింధుజ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. వేవిళ్లు ఇంకా తగ్గలేదనీ, మధ్యాహ్నం రెండు బిస్కట్లు తప్ప ఏమీ తినలేదనీ కాలమ్ నెమ్మదిగా చెప్పాడు.

అచ్యుత్ గారు ఇంక మాటలు వెతుక్కోలేదు. లేచి వంటింట్లోకి వెళ్లాడు. కందిపప్పు కడిగి కుక్కర్లో పడేసి, అన్నం పెట్టి, ఇంగువ పోపు వేశాడు. అరలో శాంతి పంపిన ఆవకాయ సీసా కనిపించింది, నెయ్యి కనిపించింది. ఒక కంచంలో వేడన్నం వేసుకుని కలపడం మొదలెట్టాడు. ముందు పప్పు, దానిమీద నెయ్యి, మెతుకు చితక్కుండా వేళ్ల కొసలతోనే. ఆవకాయ మాత్రం ఓ పక్కన, ఎంత తగిలించాలో అంతే. శాంతికి సాయంత్రం షిఫ్టులు పడ్డ ఆరేళ్లూ ఈ పిల్లకి రోజూ కలిపి పెట్టింది ఆయనే.

పోపు వాసనకి గది తలుపు తెరుచుకుంది. సింధుజ వచ్చి గోడకానుకుని నిలబడింది. ఆ పిల్లకి కోపం ఇంగ్లీషులో వస్తుంది, ఆకలి మాత్రం తెలుగులోనే వేస్తుంది.

“నాన్నా,” అంది. “ముద్ద పెట్టు.”

ఆయన ముద్ద చేసి అందించాడు. ఆ అమ్మాయి నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నమిలింది. ఇదంతా పక్కనే కూర్చుని శ్రద్ధగా చూస్తున్న కాలమ్ పెన్ను తీశాడు.

“మామయ్యగారూ, ఇది ఏమంటారు? అన్నం, పప్పు, పచ్చడి, అన్నీ ఒక చోట. ఇది కల్తీ?”

వెక్కిరింపు కాదు. పాపం, నిజంగానే అడిగాడు. సింధుజ నమలడం ఆపేసింది.

“కాదు నాయనా,” అన్నాడు అచ్యుత్ గారు. “కల్తీ అంటే ఒకర్ని మోసం చేసి అమ్ముకోడానికి చేసేది. ఇది పెట్టడానికి చేసేది. దీన్ని కలపడం అంటారు. మీ తాతగారు చేసిందీ ఇదే. మీ ఇద్దరూ చేస్తున్నదీ ఇదే. నాకు రెంటికీ తేడా తెలీక కాదు బాబూ, తెలిసీ నోరు జారాను. రాసుకో, కలపడం.”

కాలమ్ రాసుకున్నాడు. సింధుజ కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. తుడుచుకోలేదు. ఎడమచేత్తో తండ్రి భుజం పట్టుకుని, “ఇంకోటి” అని నోరు తెరిచింది.

అప్పుడే ఆయన జేబులో ఫోన్ మోగింది. చెయ్యంతా అన్నం, మొహమంతా కన్నీళ్లు, తియ్యలేకపోయాడు. కాలమ్ దాన్ని జేబులోంచి తీసి, ఆన్ చేసి ఆయన చెవి దగ్గర పెట్టాడు.

“ఏవండీ, ఏమైంది? అది అన్నం తిన్నదా?” అంటోంది శాంతి. “ఏవండీ? పలకరేం? మళ్లీ ఏం మాటన్నారు?”

ఆయన కంగారుగా తల అడ్డంగా ఊపాడు, ఫోన్లో అది కనపడితేగా. కాలమ్ సింధుజ వైపు చూశాడు. బుగ్గ నిండా ముద్దతో, ఆ అమ్మాయి అవునన్నట్టు తలూపింది. అప్పుడతను ఫోన్ తన చెవికి తిప్పుకుని, నిటారుగా నిలబడి, ఒక్కొక్క మాటా తూచి తూచి చెప్పాడు.

“తింటోంది అత్తయ్యగారూ. మామయ్యగారు కలిపి పెడుతున్నారు. మీరు చలిమిడి చెయ్యండి. మేము వస్తాము.”